మూత లోపలి గీతలు

ఆ అమ్మాయిని బళ్లో వేసిన పేరుతో పిలిచినవాళ్లు పంతుళ్లు తప్ప ఇంకెవరూ లేరు. మేనత్త నోట పుట్టిన పేరే వీధి వీధంతా పాకింది. బోల్టు. పొట్టిగా, గట్టిగా ఉండేది. ఎక్కడ కూర్చుంటే అక్కడే బిగుసుకుపోయేది, లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అయిదేళ్ల వయసులో ఇంట్లో గోడ గడియారం విప్పి, లోపలి పళ్లచక్రాలన్నీ కంచంలో వరసగా పేర్చి, "ఇవెందుకు తిరుగుతాయి నాన్నా?" అని అడిగింది. నాన్న బస్సు డ్రైవరు. టైము చూసుకోలేక ఆ పూట ఆలస్యంగా వెళ్లి, డిపోలో చివాట్లు తిని వచ్చాడు. కూతుర్ని కొట్టడానికి చెయ్యి రాక, రెక్క పట్టుకుని తీసుకెళ్లి తన చెల్లెలి షాపులో కూర్చోబెట్టాడు.

"దీన్ని నీ దగ్గరే ఉంచుకో తల్లీ. నీ దగ్గరైతే విప్పడానికి ముందే పాడైపోయినవి దొరుకుతాయి" అన్నాడు.

అలా మొదలైంది ఆ పిల్ల అసలు చదువు. పెద్దదై ఇంజనీరింగులో చేరి, రోబో చేసి, కంపెనీ పెట్టిన తర్వాత, ఇవన్నీ నీకు ఎక్కడ అబ్బాయమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు ఆ షాపే. ఆ జవాబు చెప్పాల్సిన చోట ఆమె చెప్పలేదు. ఆ ఒక్క మాటే తర్వాత ఎంత తిప్పలు పెట్టిందో చెప్పాలంటే ముందు ఆ షాపు సంగతి చెప్పాలి.

ఒకవైపు జిరాక్సు కొట్టు, ఇంకోవైపు దర్జీ కొట్టు, మధ్యలో ఇరుక్కున్నట్టు ఉండేది. లోపల ఒక బల్ల, రెండు స్టూళ్లు. గోడ నిండా మేకులు, ప్రతి మేకుకీ ఏదో ఒకటి వేలాడుతూ. ఇస్త్రీ పెట్టె, టేబులు ఫ్యాను, మూగబోయిన రేడియో. స్క్రూలన్నీ పాత బిస్కెట్ డబ్బాల్లో సైజుల వారీగా ఉండేవి. వేడెక్కిన టంకం వాసన ఎప్పుడూ గాల్లోనే ఉండేది. ఆ షాపు అత్తకి వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఆయన చూపు మందగించాక కొడుకు బస్సు పట్టుకున్నాడు, కూతురు స్క్రూడ్రైవరు పట్టుకుంది. మొదట్లో వచ్చినవాళ్లంతా ఆమెను చూసి "మెకానిక్ లేడా అమ్మా?" అనేవాళ్లు. "వచ్చేస్తాడండి, ఈలోగా అది ఇలా ఇవ్వండి" అని తీసుకుని, వాళ్లు దర్జీతో నాలుగు కబుర్లు చెప్పి వచ్చేసరికి బాగుచేసి చేతికిచ్చేది. "మెకానిక్ ఇప్పుడే వచ్చి వెళ్లాడండి" అనేది, నవ్వకుండా.

అత్త చేతి పనికి రెండు అలవాట్లుండేవి. ఏం మరిచినా అవి మరిచేది కాదు.

మొదటిది ముడి. ఏ వస్తువుకైనా కరెంటు వైరు లోపలికి వెళ్లే కన్నం ఒకటి ఉంటుంది కదా. ఆ కన్నంలోంచి వైరు దూర్చాక, లోపల దాని రెండు తీగల్నీ విడదీసి, ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, వేలికి ఉంగరం తొడిగినట్టు చిన్న ముడి వేసేది. ఆ తర్వాతే టంకం. ఇక బయటనుంచి ఎంత లాగినా ముడి కన్నానికి అడ్డం పడుతుంది, టంకం కదలదు.

"లాగొద్దని చెబితే సరిపోతుంది కదా అత్తా?" అంది బోల్టు, ఏడేళ్లప్పుడు.

"మనుషులు ప్లగ్గు పట్టుకుని లాగరే, వైరు పట్టుకునే లాగుతారు. కాగితం మీద రాసి అంటించినా లాగుతారు. మీ నాన్న కూడా లాగుతాడు. లాగినా ఊడకుండా చెయ్యడమే మన పని."

రెండోది గీతలు. మూత బిగించేముందు దాని లోపలివైపు పెన్సిలుతో గుర్తు పెట్టేది. రెండు నిలువు గీతలు, వాటి కింద చిన్న సున్నా. గీతలు ఆమెవి. సున్నా ఆమెకు పని నేర్పిన నాన్నది.

"బాగుచేసినవాళ్ల గుర్తు పైన, నేర్పినవాళ్ల గుర్తు కింద. రేపు ఇంకెవరైనా తీస్తే, ఇది ఎవరి చెయ్యో, ఆ చెయ్యి ఎవరి దగ్గర తిరిగిందో తెలియాలి."

"ఎవరూ తియ్యకపోతే?"

"తియ్యకపోతే బాగా చేసినట్టు."

పదేళ్లకి బోల్టు మొట్టమొదట తనంతట తాను ఒక ఇస్త్రీ పెట్టె బాగుచేసింది. దర్జీదే అది. అత్త మూత పట్టుకుని, పెన్సిలు చేతికిచ్చి, "నీ గుర్తేంటో నువ్వే చెప్పు" అంది. పిల్ల ఆలోచించి మూడు గీతలు గీసింది. "నాకంటే ఒకటి ఎక్కువా?" అంది అత్త. పిల్ల సిగ్గుపడి, వాటి కింద రెండు గీతలు గీసింది. దర్జీ ఆ పెట్టె అందుకుని, "చొక్కా కాలితే ఎవర్ని పట్టుకోవాలి అక్కయ్యా? పైగీతల్నా కిందిగీతల్నా?" అన్నాడు. "కిందివాటినే. నేర్పినవాళ్లదే తప్పు" అంది అత్త. ఆ పెట్టె ఇంకా పనిచేస్తోందని చెప్పుకుంటారు.

వ్యాపారం కూడా అక్కడే నేర్చుకుంది బోల్టు, నేర్చుకుంటున్నానని తెలియకుండానే. ఒకసారి ఒకాయన బాగానే ఉన్న రేడియో తెచ్చి, పాడైంది చూడమన్నాడు. అత్త బ్యాటరీలు తిప్పి పెట్టి, డబ్బులు తీసుకోకుండా ఇచ్చేసింది. "ఏదో ఒకటి మార్చానని చెబితే సరిపోయేదిగా" అంది పిల్ల. "చెబితే ఈ పూట గడుస్తుంది. ఆయన ఇంకెప్పుడూ ఈ వీధి మలుపు తిరగడు" అంది అత్త. అంతే, ఆ పైన పాఠమేమీ లేదు.

బోల్టు ఇంజనీరింగు రెండో ఏడుకి వచ్చేసరికి అత్త మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. స్క్రూ కింద పడితే వంగలేదు. పడిన స్క్రూని అలా చూస్తూ కూర్చునేది, ఎవరో ఒకరు వచ్చేదాకా. ఒక రోజు బోల్టు కాలేజీ నుంచి వచ్చి చూసేసరికి నేల మీద పదకొండు స్క్రూలున్నాయి. అత్త ఇప్పుడు వాటి వైపు చూడను కూడా చూడట్లేదు. అదే ఆ పిల్ల మనసులో గుచ్చుకుంది.

పడినవి ఏరిచ్చే చిన్న బండి ఒకటి ఇద్దరూ కలిసే చేశారు. జిరాక్సు కొట్టువాడు పారేసిన మెషీన్లోంచి మోటార్లు, విరిగిన బొమ్మకారు చక్రాలు, పాత స్పీకరులోంచి అయస్కాంతం. కాలేజీ ల్యాబులో నేర్చిన విద్యంతా బోల్టు అందులో పోసింది. బండి కంచమంత ఉంటుంది, నేల మీద తిరుగుతుంది, పడిన వస్తువు దగ్గర ఆగుతుంది, సన్నటి చెయ్యి చాచి తీసి, కూర్చున్నవాళ్ల చేతికి అందేంత ఎత్తుకి లేపుతుంది. మొదటిసారి చెయ్యి మరీ బలంగా వచ్చింది, అత్త కళ్లజోడు ఎత్తబోయి నలిపేసింది.

"దీనికి బలమెందుకే? కోడిగుడ్డు కింద పెడితే అది కూడా పగలకుండా ఎత్తాలి. పట్టుకునేచోట మెత్తగా ఉంచు" అని, రబ్బరు గ్లవ్ వేళ్లు కత్తిరించి దాని చేతికి తొడిగింది అత్త. అవి తొడిగాకే ఆ బండి బండి అయింది. దానికి ఏరుడుబండి అని పేరు కూడా ఆవిడే పెట్టింది. మూత బిగించేముందు బోల్టు మూడు గీతలు, రెండు గీతలు, ఆ అడుగున సున్నా, అన్నీ గీసింది.

మూడో ఏడులో కాలేజీలో పోటీ పెట్టారు. కొత్త వస్తువు చేసినవాళ్లు దాన్ని పెద్దల ముందు చూపించాలి, గెలిస్తే కంపెనీ పెట్టడానికి అండ దొరుకుతుంది. బోల్టుకి తోడుగా ఒక క్లాసుమేటు చేరాడు. చొక్కా మీద ముడత ఉండేది కాదు, మాట మీదా ఉండేది కాదు. అత్త వాణ్ణి చూసిన రోజే ఇస్త్రీ అని పేరు పెట్టేసింది. చెడ్డవాడేం కాదు. పని ఎలా అమ్ముకోవాలో తెలిసినవాడు, ఏది చెబితే ఎలా వినిపిస్తుందో తెలిసినవాడు.

"రిపేరు షాపు సంగతి వద్దు. ఇది స్క్రూలు ఏరే బండి అనుకుంటారు. నువ్వు ఒంటరిగా, నీ గదిలో, వీడియోలు చూసి నేర్చుకుని చేశావంటే గుర్తుండిపోతుంది" అన్నాడు.

"మా అత్త వస్తుంది చూడ్డానికి."

"రానీ. ఆవిడేం అనుకోదు. అత్తలు అనుకోరు."

పోటీకని చేసిన కొత్త బండి మెరుస్తూ వచ్చింది. లోపల ముడి వేయలేదు. ఫ్యాక్టరీల్లో ముళ్లు వేయరనీ, ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి వైరుని బిగిస్తారనీ ప్రొఫెసరు చెప్పాడు. మూత లోపల పెన్సిలు గీతలకి బదులు మెరిసే కాగితం అంటించారు.

పోటీ రోజున అత్త వెనకనుంచి మూడో వరసలో కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి. అందులో సోల్డరింగ్ ఐరను, కాస్త వైరు, రెండు స్క్రూడ్రైవర్లు. అవసరం పడితే చేతికి ఉంటాయని. లోపలికి వెళ్లేముందు అడిగింది కూడా.

"ముడి వేశావా?"

"ఇప్పుడు క్లిప్పులొచ్చాయత్తా."

"ఓహో" అంది.

బండి చక్కగా తిరిగింది. పెన్ను ఎత్తింది, తాళంచెవి ఎత్తింది, ఇస్త్రీ ఒక కోడిగుడ్డు తెచ్చి నేల మీద పెడితే అది కూడా ఎత్తింది. హాలంతా చప్పట్లు. పెద్దల్లో ఒకావిడ, తెల్లటి పొట్టి జుట్టావిడ, ముందుకి వంగి ఆసక్తిగా అడిగింది.

"ఆ మెత్తటి వేళ్ల ఆలోచన చాలా బాగుందమ్మా. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పని వచ్చా? ఎవరి దగ్గరైనా నేర్చుకున్నావా?"

ఎంత తేలికైన ప్రశ్న. వెనక వరసలో సంచి పట్టుకుని కూర్చున్న మనిషి వైపు చెయ్యి చూపిస్తే చాలు. బోల్టు అటు చూసింది కూడా. అత్త ఎందుకో చీర సర్దుకుంటోంది, లేచి నిలబడమంటారేమో అన్నట్టు. బోల్టు మళ్లీ మైకు వైపు తిరిగింది.

"ఎవరూ లేరండి. వీడియోలు చూసి నేనే నేర్చుకున్నాను" అంది.

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. అత్త కూడా కొట్టింది, సంచి ఒళ్లోంచి జారుతుంటే మోకాళ్లతో ఆపుకుంటూ.

గెలిచారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. అత్త సంచిలోంచి చిల్లర తీసి టిక్కెట్లకి ఇచ్చింది. తర్వాత, "బాగా మాట్లాడావు. మైకులో అచ్చం మీ నాన్న గొంతే" అంది. షాపు దగ్గర స్టాపు రాగానే సీటు పట్టుకుని మెల్లగా లేచి, "నేను ఇక్కడ దిగిపోతాను అమ్మాయీ" అంది.

అమ్మాయీ. పుట్టిన తర్వాత మొదటిసారి. బోల్టు బస్సులో ఇల్లు దాటి రెండు స్టాపులు వెళ్లిపోయింది, ఆ మాట నమిలి మింగలేక.

ఎందుకలా పిలిచావని మర్నాడు అడగొచ్చు. అడగలేదు. ఆ మర్నాడు కూడా. ఒక సంగతి వాయిదా వేస్తే దాని మీద ఇంకో సంగతి వచ్చి పడుతుంది కదా, అలా చదువు అయిపోయింది, కంపెనీ వచ్చింది. రంగుల గోదాము వెనక ఒక రేకుల షెడ్డు. పొడవాటి బల్లలు, వాటి మీద దీపాలు. తొమ్మిదిమంది ఆడవాళ్లు బండ్లు బిగించేవాళ్లు. తలుపు పక్కన గోడకి పేపరు కత్తిరింపు ఒకటి అద్దం కట్టి పెట్టించాడు ఇస్త్రీ. ఎవరి సాయమూ లేకుండా స్వయంగా నేర్చుకున్న అమ్మాయి, అని పెద్దక్షరాలు. అత్తకి మాత్రం ప్రేమేం తగ్గలేదు. వెళ్తే టీ పోసేది, చిక్కిపోయావనేది, దర్జీ మీద చాడీలు చెప్పేది. కానీ బోల్టు అనేది కాదు. ఏదైనా విప్పుతుంటే "ఇది చూడవే" అని పిలిచేది కాదు. స్టూళ్లు రెండూ ఉన్నాయి గానీ రెండోదాని మీద వస్తువులు పేరుకున్నాయి.

ఆర్నెల్లు తిరక్కుండా బండ్లు వెనక్కి రావడం మొదలైంది. అన్నిటిదీ ఒకటే జబ్బు, చార్జింగు వైరు లోపల ఊడిపోయింది. ఎందుకా అని ఒకావిడ ఇంటికి వెళ్లి చూసింది బోల్టు. కుర్చీలోంచి లేవలేని పెద్దావిడ. బండి కాస్త దూరంగా ఆగింది. ఆవిడ వైరు పట్టుకుని, ఆవుని పలుపు పట్టి లాగినట్టు బండిని దగ్గరకి లాక్కుంది, ఎంతో ముద్దుగా. "రావే, రా" అంటోంది దానితో. బోల్టు అక్కడే తలుపు గడప మీద కూర్చుండిపోయింది. ఏడేళ్లప్పుడు విన్న మాట ఆవిడ చేతిలో కనిపించింది.

ఊడిన బండ్లన్నీ ఆటోలో వేసుకుని అత్త దగ్గరికి వెళ్లింది. అత్త ఒక్క మూత తీసి లోపలికి చూసింది. విరిగిన క్లిప్పుని వేలితో తీసి బల్ల మీద పెట్టింది. "వదిలేసి వెళ్లు, చేసి పెడతాను" అంది.

"మా వాళ్లకి ముడి నేర్పాలి అత్తా. షెడ్డుకి రావా?"

"నీకు రాదా?"

"నీ చేతి నుంచే రావాలని ఉంది."

అత్త విరిగిన క్లిప్పుని చెత్తబుట్టలోకి తోసింది. "సరే, వస్తాను" అంది.

రెండు రోజులకి వచ్చింది, బాగుచేసిన బండ్లతో సహా. తొమ్మిదిమందీ చుట్టూ చేరారు. అత్త బల్ల ముందు కూర్చుని, తీగలు విడదీసి, ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, మెల్లగా బిగించి చూపించింది. "లాగి చూడండి, నేనేం అనుకోను" అంది. ఇద్దరు చెరోవైపు లాగారు, నవ్వారు, ముడి కదల్లేదు. వాళ్లలో కళ్లజోడు అమ్మాయి ఒకతె అడిగింది.

"ఎంత బాగుందండీ. ఈ ముడి మీరెక్కడ నేర్చుకున్నారు?"

బోల్టు తలుపు దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. దీని కోసమే పిలిచింది అత్తని. అత్త నోటితోనే నిజం బయటపడుతుందని, తను చెప్పాల్సిన మాట అత్త చెప్పేస్తే తను తలూపితే సరిపోతుందని. అత్త తలెత్తి గోడ వైపు చూసింది. అద్దంలోని పెద్దక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది, పెదాలు కదులుతుంటే.

"మీ మేడం దగ్గరే నేర్చుకున్నానమ్మా. నాకు ఇవన్నీ ఏం తెలుసు? మా మేనకోడలే కూర్చోబెట్టి నేర్పింది" అంది.

అప్పుడైనా బోల్టు నోరు తెరవాల్సింది. అడ్డం వచ్చిందంటూ ఏమీ లేదు. ఫోను మోగలేదు, ఎవరూ పిలవలేదు. ఇస్త్రీ కూడా ఏమీ సైగ చేయలేదు, తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆడవాళ్లంతా ఇటు తిరిగి మేడం వైపు మెచ్చుకోలుగా చూశారు. బోల్టు గ్లాసులో టీ అంతా ఒక్క గుక్కలో తాగింది, నోట్లో ఏదో ఒకటి ఉండాలన్నట్టు. అది కాలిన మంట వారం రోజులుంది.

వాళ్లు వెళ్లాక బాగుచేసిన బండ్ల మూతలు తీసి చూసింది. ప్రతి దానిలో ముడి, ఉంగరంలా. ప్రతి మూత లోపల పెన్సిలు గీతలు. మూడు గీతలు. కింద ఏమీ లేదు. అత్త తన చేత్తో బాగుచేసి, తన చేత్తో మేనకోడలి గుర్తు పెట్టి, తన గుర్తు పెట్టడం మానేసింది.

మర్నాడు పొద్దున్నే షాపు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చుంది. దర్జీ షట్టరు ఎత్తుతూ, "ఏం మేడం, ఇస్త్రీ పెట్టె బాగానే ఉందిగా, ఇంకేం చూస్తారు" అన్నాడు. ఆమె నవ్వలేదని చూసి లోపలికి వెళ్లిపోయాడు.

అత్త వచ్చి, తాళం తీసి, రెండో స్టూలు మీది వస్తువులు కింద పెట్టింది. బోల్టు కూర్చుంది.

"అత్తా, ఆ రోజు హాల్లో నేను తప్పు చేశాను."

అత్త ఒక ఫ్యాను వెనక మూత విప్పుతోంది. నాలుగు స్క్రూలూ విప్పి మూతలో వేసింది.

"అక్కడ అన్ని కుర్చీల ముందు అన్న మాట, ఇక్కడ ఈ రెండు స్టూళ్ల మధ్య వెనక్కి తీసుకుంటావా?" అంది. కోపంగా కాదు. స్క్రూ సైజు అడిగినట్టు అడిగింది.

"అందరికీ చెప్తాను."

"చెబితే నిన్ను అబద్ధాలకోరు అంటారు. తొమ్మిదిమంది నీ మీద ఆధారపడి ఉన్నారు. ఊరుకో."

"మరి నువ్వెందుకలా అన్నావు నిన్న?"

"గోడ మీద అదే రాసుంది కదా అమ్మాయీ. గోడ ఒకటి చెప్పి నేనొకటి చెబితే, పాపం ఆ పిల్లలు ఎవర్ని నమ్ముతారు?" అంది. తర్వాత, "టీ తాగు. చల్లారనిచ్చి తాగు" అంది.

నిన్న గ్లాసు సంగతి చూసిందన్నమాట. అత్త కంటికి కనబడనిది ఎప్పుడుంది.

బోల్టు షెడ్డుకి వెళ్లి అద్దాన్ని మేకు మీంచి దించేసింది. ఇస్త్రీ చూశాడు. కాసేపయ్యాక సుత్తి తెచ్చి ఆ మేకు కూడా తనే పీకేశాడు. తొమ్మిదిమందినీ పిలిచి బోల్టు ఉన్నదున్నట్టు చెప్పింది. షాపు, సున్నా గుర్తు, గ్లవ్ వేళ్లు, హాలు, అన్నీ. వాళ్లు విన్నారు. కళ్లజోడు అమ్మాయి నవ్వింది.

"మీది మరీ పెద్దమనసు మేడం. ఆవిడే చెప్పారుగా మీ దగ్గర నేర్చుకున్నానని. ముసలావిడ నొచ్చుకుంటుందని మీరిలా అంటున్నారు."

ఎంత చెబితే అంత మంచిదైపోయింది బోల్టు వాళ్ల కళ్లలో. ఇప్పటికీ ఆ షెడ్డులో ఆ ముడిని మేడం ముడి అనే అంటారు. కొత్తగా చేరినవాళ్లకి అలాగే నేర్పుతారు. ఆమె వినబడినప్పుడల్లా "అత్త ముడి" అని దిద్దుతుంది. వాళ్లు "అలాగే మేడం" అంటారు, ఆమె వెళ్లాక మళ్లీ మేడం ముడే.

అందుకని ఇంకో పని చేస్తుంది. బండి సిద్ధమయ్యాక మూత బిగించే పని ఇంకెవరికీ ఇవ్వదు. పెన్సిలు తీసుకుని లోపలివైపు మూడు గీతలు గీస్తుంది. వాటి కింద రెండు గీతలు. ఆ కింద సున్నా. తర్వాత మూత పెట్టి నాలుగు స్క్రూలూ బిగిస్తుంది. ఒకటి తీసుకెళ్లి అత్తకి చూపిద్దామని ఎన్నిసార్లో అనుకుంది. తెచ్చి చూపిస్తే అది గుర్తు కాదు, బడాయి. పని మీద మూత తీసినప్పుడు కనబడాలి. ఎప్పుడో ఒక బండి పాడై, ఎవరో దాన్ని ఆ వీధికే తెచ్చి, ఆ బల్ల మీదే పెట్టాలి.

శనివారం వస్తే చాలు షాపుకి వెళ్తుంది. కూర్చునేముందు గోడకున్న మేకుల్ని ఒక్కొక్కటీ చూస్తుంది. ఇస్త్రీ పెట్టెలు, ఫ్యాన్లు, ఎవరిదో హెయిర్ డ్రయ్యరు.

"ఏంటి వెతుకుతున్నావు అమ్మాయీ?" అంది అత్త మొన్న.

"ఏం లేదత్తా. మన బండి ఏదైనా వచ్చిందేమోనని."

"నీ బండ్లెందుకొస్తాయి ఇక్కడికి? ముడి బాగా వేస్తున్నారుగా" అంది అత్త, కళ్లజోడు పైకి తోసుకుని, ఎవరిదో రేడియో మూత లోపల రెండు గీతలూ సున్నా గీసి బిగిస్తూ.